హన్నా ఏటేట కుట్టిన అంగీ

ధ్యాన భాగములు: 1 సమూయేలు 1:21–28, 2:18–21, 3:1–10



ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసి, ప్రవేశ పరీక్షల ఫలితములు వచ్చి, కౌన్సెలింగులో సీట్లు ఖాయమైన తరువాత మన పల్లెలలో కొన్ని ఇండ్లలో ఒక విధమైన సందడియు, ఒక విధమైన దిగులును కలిసి కనబడును. తండ్రి బీరువా తాళము తీసి డబ్బు లెక్క పెట్టుకొనుచుండును. తల్లి ఆవకాయ డబ్బాకు మూత గట్టిగా బిగించుచు, కన్నీరు కనబడకుండ ముఖము ప్రక్కకు త్రిప్పుకొనును. బిడ్డ మాత్రము సర్టిఫికెట్లున్న సంచిని పదిసార్లు తెరచి చూచుకొనును.

రెండవ బిడ్డ వెళ్లునప్పుడు మొదటి బిడ్డ త్రోవ చూపును. తొలిచూలు బిడ్డ వెళ్లునప్పుడు ఆ ఇంటిలో త్రోవ తెలిసినవారెవరును ఉండరు. తండ్రి ఆ విశ్వవిద్యాలయపు గేటు లోపలికి ఎన్నడును పోలేదు. తల్లికి ఆ ఊరి పేరు బస్సు బోర్డు మీద చూచుటయే తెలుసు. తాము ఎన్నడును నడువని త్రోవలోనికి కన్నబిడ్డను పంపవలసిన తలిదండ్రులకు దేవుని వాక్యములో ఏమైన ఆదరణ ఉన్నదా? ఉన్నది. అది హన్నా అను ఒక పల్లెటూరి తల్లి చరిత్రలో ఉన్నది.

ఆమె కథ మీకు తెలిసినదే. సంతానము లేక, సవతి చేత ఎత్తిపొడుపు మాటలు పడి, షిలోహు మందిరములో పెదవులు మాత్రమే కదలునట్లు మొరపెట్టెను. దేవుడు బిడ్డనిచ్చెను. బిడ్డను ఆయనకే అప్పగింతునని ఆమె ముందుగానే మ్రొక్కుకొనియుండెను. ఆమె మ్రొక్కు తీర్చిన విధము మనకు నాలుగు సంగతులు నేర్పుచున్నది.

మొదటిది: చేతిలోనున్న కాలమును ఆమె పోగొట్టుకొనలేదు.

ఎల్కానా యింటివారందరును ఏటి పండుగకు షిలోహునకు బయలుదేరిరి. హన్నా వెళ్లలేదు. బిడ్డ పాలు విడుచువరకు ఇంటనే ఉండెదనని భర్తతో చెప్పెను. ఆ దినములలో తల్లులు రెండు మూడేండ్లు పాలిచ్చెడివారు. అంతే ఆమెకున్న గడువు. పండుగ మరల వచ్చును గాని ఈ దినములు మరల రావని ఆమె ఎరిగియుండెను.

బిడ్డ వెళ్లుటకు మీకు ఆరు వారములు మాత్రమే ఉన్నవనుకొనుడి. ఆ ఆరు వారములు ఏమి చేయుచున్నారు? క్రొత్త బట్టలు కొనుటలోను, చుట్టములకు చెప్పుకొనుటలోను గడచిపోవుచున్నవా? అన్నము వండుకొనుట, బట్టలు ఉతుకుకొనుట, బ్యాంకులో కాగితము నింపుట, ఆఫీసులో గుమాస్తా ఎదుట తొట్రుపడక మాటాడుట, ఇవి నేర్పుడి. కూతురుకే కాదు, కుమారునికిని నేర్పుడి. పదవ తరగతి మెమో, ఇంటర్మీడియట్ మెమో, టి.సి., చదువు ధ్రువపత్రములు, కులము, ఆదాయము తెలుపు పత్రములు, అన్నిటికిని నకళ్లు తీయించి ఒక కట్ట ఇంటిలో ఉంచుడి. అసలు పత్రములను కళాశాలకు ఇచ్చునప్పుడు రసీదు అడిగి పుచ్చుకొనవలెనని బిడ్డకు చెప్పుడి. ఇది అవిశ్వాసము కాదు, వివేకము.

డబ్బు సంగతి కూడ ఈ దినములలోనే మాటాడవలెను. కొందరు తలిదండ్రులు పొలము తాకట్టు పెట్టిన సంగతి బిడ్డకు తెలియనియ్యరు. మరికొందరు ఆ అప్పునే కొరడాగా పట్టుకొని దినదినము బిడ్డ వీపుమీద కొట్టుచుందురు. రెండును మేలు కాదు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పలేదా? (లూకా 14:28). ఒక రాత్రి భోజనమైన తరువాత చాప మీద ముగ్గురును కూర్చుండుడి. మన చేతిలో ఇంత ఉన్నది, పొదుపు సంఘములో ఇంత అప్పు తెచ్చితిమి, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు వచ్చిన ఇంత వచ్చును, నెలకు నీకు ఇంత పంపగలము అని ఉన్నది ఉన్నట్లు ఒక్కసారి చెప్పుడి. ఒక చిన్న లెక్కల పుస్తకము చేతికియ్యుడి. ఆ తరువాత ఆ మాటను మాటిమాటికి ఎత్తకుడి. నిజము తెలిసిన బిడ్డ బాధ్యత నేర్చుకొనును. నిత్యము దెప్పబడిన బిడ్డ అబద్ధము నేర్చుకొనును.

రెండవది: షిలోహు చెడుగు లేని స్థలము కాదు.

ఇది మనము తరచుగా చూడక దాటిపోవు సంగతి. హన్నా తన పసివానిని ఏ యింట విడిచెను? ఏలీ యింట. ఆ యింటిలో హొఫ్నీ, ఫీనెహాసు అను యౌవనస్థులుండిరి. వారు బలి మాంసమును బలవంతముగా లాగుకొనువారు, మందిరపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలయెడల పాపము చేయువారు. వారి దుర్వార్త జనులందరి నోట ఉండెనని రెండవ అధ్యాయము చెప్పుచున్నది. దేవుని మందిరమే అట్లుండగా, నేటి హాస్టలు సంగతి చెప్పనేల?

మంచి కళాశాల చూచి చేర్పించితిమి, ఇక భయము లేదని అనుకొనకుడి. లోకము చెడ్డది గనుక బిడ్డను ఇంటనే ఉంచుకొందుమనియు అనకుడి. హన్నా ఈ రెండును చేయలేదు. అక్కడ ఆ దుష్టుల నడుమనే సమూయేలు దేవుని దయయందును మనుష్యుల దయయందును ఎదిగెను. చెడు తోడివారుండిన చోట బిడ్డ చెడిపోయి తీరవలెనను నియమము లేదు. అయితే వారున్నారని ముందుగా చెప్పకుండుట తలిదండ్రుల తప్పు.

కాబట్టి తేటగా మాటాడుడి. మద్యము, మత్తు పదార్థములు, సెల్‌ఫోనులో పందెములు, క్షణములో అప్పు ఇచ్చి తరువాత బెదిరించి పరువు తీయు రుణ యాప్‌లు, వీటిని పేరు పెట్టి చెప్పుడి. డబ్బు చాలనప్పుడు ఆ యాప్‌ల దగ్గరకు పోవద్దు, మొదట ఇంటికి ఫోను చేయుమని చెప్పుడి. ర్యాగింగును ఓర్చుకొనవలసిన ఆచారమని ఎవరైన చెప్పిన నమ్మవద్దనుడి. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానిని నేరముగా నిషేధించు చట్టము వచ్చెను. యు.జి.సి. 2009లో దేశమంతటికి నిబంధనలు చేసెను. ఫిర్యాదు చేయుటకు 1800-180-5522 అను నంబరు ఉన్నది. దానిని బిడ్డ పుస్తకపు అట్ట లోపల వ్రాసి ఇయ్యుడి.

మరియొక సంగతి. హాస్టలులో ఎవరైన ఒక దినమున “మీరెవరు?” అని అడుగుదురు. ఆ ప్రశ్న లోతు మన పిల్లలకు తెలియును. తల దించుకొనవద్దని, అబద్ధమాడవద్దని, కోపముతో పోట్లాడవద్దని వారికి చెప్పుడి. మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడెనని ఆదికాండము మొదటి అధ్యాయమే పలుకుచున్నది. ఆ ప్రశ్న అడుగువానికంటె ఆ మాట పాతది. 1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ అట్టి అవమానములు అనేకము పడెను. ఆయన తల దించుకొనక కలము పట్టెను. 1941లో ‘గబ్బిలము’ వెలువడెను. ‘క్రీస్తు చరిత్ర’ అను కావ్యమునకు 1964లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చెను. అవమానించినవారి పేర్లు నేడెవరికిని జ్ఞాపకము లేవు.

మూడవది: ఆమె ఏటేట అంగీ కొలత మార్చెను.

ఈ మాట చదివినప్పుడెల్ల నా మనస్సు కరగును. హన్నా ప్రతి సంవత్సరము ఒక చిన్న అంగీ కుట్టి, భర్తతో పండుగకు వచ్చునప్పుడు తెచ్చి కుమారునికిచ్చెను. తల్లులారా, కొంచెము ఆలోచించుడి. బిడ్డ ప్రక్కన లేడు. కొలుచుటకు భుజము లేదు, చేయి లేదు. నిరుడు చూచిన బిడ్డను మనస్సులో నిలుపుకొని, ఈ యేడు ఇంత పెరిగియుండునని ఊహించి ఆమె బట్ట కత్తిరించవలెను. నిరుటి కొలతతో కుట్టినయెడల ఆ అంగీ చంకలో పట్టును. ప్రేమతో కుట్టినదైనను తొడుగుకొన వీలుకాదు.

మన ప్రేమ కూడ ఒక్కొక్కసారి నిరుటి కొలతతో కుట్టిన అంగీ వలె ఉండును. పదునెనిమిదేండ్ల బిడ్డకు పదియేండ్ల బిడ్డకు చెప్పినట్లు చెప్పుదుము. దినమునకు అయిదారుసార్లు ఫోను చేసి, ఎత్తకపోయిన వెంటనే వార్డెనుకు చేయుదుము. ఎత్తిన వెంటనే మార్కులెన్ని అని అడుగుదుము. అట్లు చేయకుడి. బిడ్డకును మీకును వీలైన ఒక వేళ ఏర్పరచుకొనుడి. మొదట తింటివా, నిద్ర పట్టుచున్నదా, నీ గదిలో ఎవరున్నారు అని అడుగుడి. అడిగి, విని, ఊరుకొనుడి. వినుట నేర్చిన తలిదండ్రులకు బిడ్డలు చెప్పుట మానరు.

క్రిస్మసుకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడు బిడ్డ నోట క్రొత్త మాటలు వినబడును, క్రొత్త ఆలోచనలు వినబడును. కొన్ని మనకు రుచింపవు. అప్పుడు “చదువుకొని మమ్ములనే ప్రశ్నించుచున్నావా?” అని మండిపడకుడి. పంపినది మనమే. పెరుగుటకే పంపితిమి. పెరిగి వచ్చినందుకు కోపగించుట న్యాయము కాదు.

అయితే ప్రేమ మూగది కాకూడదు. ఏలీ తన కుమారుల తప్పు చూచెను గాని చాల ఆలస్యముగా మందలించెను, ఆ మందలింపు కూడ వారిని అడ్డగించలేదు. తప్పు కనబడినప్పుడు తండ్రి నెమ్మదిగాను స్థిరముగాను మాటాడవలెను. హన్నా అంగీ మార్చెను గాని మ్రొక్కు మార్చలేదు.

నాలుగవది: పిలుపు వినబడిన రాత్రి తల్లి అక్కడ లేదు.

మూడవ అధ్యాయములో దేవుడు సమూయేలును పేరు పెట్టి పిలిచెను. అప్పటికి అతడు యెహోవాను ఎరుగడని వాక్యము స్పష్టముగా చెప్పుచున్నది. ఇది ఎంత ఆశ్చర్యము! హన్నా వంటి ప్రార్థనాపరురాలి కడుపున పుట్టినవాడు, మందిరములోనే పండుకొనువాడు, అయినను ఇంకను ఎరుగడు. తల్లి విశ్వాసము గొప్పదే గాని అది కుమారునికి ఆస్తివలె సంక్రమించునది కాదు. పిలుపును ఎవరికి వారే వినవలెను. ఆమె ఇంటిలో ఉండగా కాదు, దూరముననున్న రాత్రి అది వచ్చెను.

అనేకమంది తలిదండ్రులు నాతో చెప్పుకొను భయమిదే: “అయ్యగారూ, అక్కడికి పోయి బిడ్డ మందిరము మానునేమో.” మానవచ్చును. మన యింటిలో ఉన్నప్పుడు మన బలవంతము చేత వచ్చుచుండిన బిడ్డ అక్కడ మానవచ్చును. మన చాటున కూర్చుండిన బిడ్డ అక్కడ మొదటిసారి తానే మోకాళ్లూనవచ్చును కూడ. సందేహములున్నవని బిడ్డ చెప్పినయెడల దానిని నేరముగా ఎంచకుడి. తోమా సందేహించెను. ఇతర శిష్యులు అతనిని వెలివేయలేదు. ఎనిమిది దినములైన తరువాత అతడు వారితోనే ఆ యింటిలో ఉండెను, ప్రభువు అక్కడికే వచ్చెను (యోహాను 20:26).

ఒక పని మాత్రము మనము చేయవలెను. సమూయేలు లేచి పరుగెత్తినప్పుడు, పిలిచినది దేవుడని గ్రహించి, ఎట్లు బదులు పలుకవలెనో నేర్పుటకు అక్కడ ఏలీ యుండెను. కన్నులు మసకబారిన వృద్ధుడైనను ఆ రాత్రి ఉపయోగపడెను. మీ బిడ్డ వెళ్లు ఊరిలో అట్టి పెద్ద యొకరుండవలెను. కెంక్రేయ సంఘపు ఫీబేను గూర్చి పౌలు రోమా సంఘమునకు సిఫారసు వ్రాయలేదా? (రోమా 16:1–2). బిడ్డ వెళ్లుటకు ముందు మీ సంఘ కాపరినొద్దకు వచ్చి, ఆ ఊరి సంఘమునకు పత్రిక వ్రాయించుకొనుడి. విద్యార్థుల సహవాసములును ఉన్నవి. 1954లో ఏర్పడిన యు.ఇ.యస్.ఐ. అట్టిదే. మొదటి ఆదివారమే వెళ్లిన అలవాటగును. ఆరవ ఆదివారము వరకు వాయిదా వేసిన కాళ్లు బరువెక్కును.

ఇప్పుడు ఎవరును చెప్పుటకిష్టపడని మాట యొకటి చెప్పవలెను. బిడ్డ తప్పినయెడల ఏమి?

2019లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత అనేకమంది పిల్లలు తమ ప్రాణములు తామే తీసికొనిరి. ఆ ఇండ్లలో తలిదండ్రులు ప్రేమలేనివారా? కారు. అయినను బిడ్డల గుండెలో ఓటమియే అంతమను భయము ఉండిపోవును. మనము పెదవి విప్పి చెప్పనంతవరకు ఆ భయము పోదు. గనుక బస్సు ఎక్కుటకు ముందే చెప్పుడి: “నాయనా, అమ్మా, నీవు తప్పినను మా బిడ్డవే. ఏ వేళనైనను, ఏ స్థితిలోనైనను, తిరిగి రమ్ము. తలుపు తీసియుండును.” తప్పిపోయిన కుమారుడు ఇంక దూరముననుండగానే తండ్రి చూచి పరుగెత్తెను (లూకా 15). తలుపు తీసియున్నదని ఆ బిడ్డకు ముందుగా తెలిసియున్న పందుల దొడ్డిలో అన్ని దినములు ఉండునా? మనస్సు క్రుంగి చీకటి కమ్మినయెడల ఉచితముగా మాటాడుటకు ప్రభుత్వము వారి టెలి మానస్ అను సేవ 2022లో ఆరంభమైనది. దాని నంబరు 14416. దానిని కూడ వ్రాసి ఇయ్యుడి. వైద్యుని అడుగుట విశ్వాసలోపము కాదు.

దోర్నకల్ బిషప్పు అజరయ్యగారిని మన పెద్దలు నేటికిని తలంచుకొందురు. ఆయన మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని డిగ్రీ పట్టము పుచ్చుకొనకుండగనే బయటికి వచ్చెను. ఆయనే 1912లో ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడెను. పట్టము మంచిదే, కష్టపడి సంపాదించవలసినదే. అది లేకపోయిన దేవుని చేయి కురచ కాదు.

ఆడపిల్లను అంత దూరము పంపవచ్చునా అని కొందరడుగుదురు. నేను వారిని తిరిగి అడుగుదును: మన పల్లెలలో జ్వరము వచ్చినప్పుడు సూది వేసిన నర్సమ్మ, మన పిల్లలకు అక్షరములు దిద్దించిన టీచరమ్మ ఎక్కడనుండి వచ్చిరి? ఎవరో ఒక తండ్రి, ఊరు నవ్వినను, తన కూతురిని బోర్డింగు పాఠశాలకు పంపెను గనుక వచ్చిరి. 1883లో డాక్టరు అన్నా కుగ్లరు సముద్రము దాటి గుంటూరు వచ్చి స్త్రీలకు వైద్యము చేసెను. ఆమెయు ఒక ఇంటి కూతురే. కుమారుని చదువునకు పొలము అమ్ముటకు సిద్ధపడినవారు, కూతురి చదువునకు బస్సు చార్జీ లెక్క చూడకుందురు గాక.

సంఘమునకు కూడ ఒక మాట. ఆ బిడ్డ ఒక్క యింటి బిడ్డ కాదు. బాప్తిస్మము నాడు మనమందరమును నిలువబడి ఆ బిడ్డ కొరకు మాట యిచ్చితిమి. మన స్త్రీలు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రభువు పనికి తీసియుంచు అలవాటు మన సంఘములలో ఎంతో కాలముగా ఉన్నది. సంవత్సరములో ఒక నెల పిడికెడు బియ్యము, ఊరు విడిచి వెళ్లు బీద బిడ్డ పుస్తకములకు కేటాయించిన ఎంత మేలు! విధవరాలి బిడ్డ వెళ్లునప్పుడు సంఘపెద్ద యొకడు తోడు వెళ్లి హాస్టలులో దింపి వచ్చిన ఎంత మేలు! ఆ బిడ్డ తప్పి వచ్చినప్పుడు చర్చి మెట్ల మీద గుసగుసలాడకుండుట అన్నిటికంటె మేలు.

బిడ్డలారా, మీకును ఒక్క మాట. మీ చేతిలోని సంచిలో అమ్మ నిద్రయు, నాన్న చెమటయు ఉన్నవి. దానిని భారముగా మోయకుడి, కృతజ్ఞతతో మోయుడి. దానియేలు బబులోను భాషయు శాస్త్రమును సంపూర్ణముగా నేర్చుకొనెను, చదువుకు భయపడలేదు. అయితే దాటకూడని గీత ఒకటి ముందుగానే హృదయములో గీసికొని, దానిని మర్యాదతో అధికారికి తెలిపెను. మీరును అట్లు చేయుడి. ఇంటి సంగతి దాచకుడి, పేదరికమునకు సిగ్గుపడకుడి, ఆదివారమును మరువకుడి.

బస్సు కదలిన తరువాత ఇల్లు బోసిగా కనబడును. మూలనున్న చాప, త్రాగి పెట్టిన గ్లాసు, అన్నియు గుండెను పట్టును. ఏడ్చుట తప్పు కాదు. హన్నా బిడ్డను విడిచి వచ్చునప్పుడు ఆమె నోట వచ్చినది స్తుతి ప్రార్థన అని రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ రాత్రి దీపము ఆర్పుటకు ముందు భార్యాభర్తలు కలిసి ఆ అధ్యాయము చదువుకొనుడి. చాల యేండ్ల తరువాత సమూయేలు బేతేలు, గిల్గాలు, మిస్పా ఊళ్లు తిరిగి న్యాయము తీర్చుచు, ప్రతిసారి ఎక్కడికి వచ్చుచుండెనో ఎరుగుదురా? రామాకు. అది తల్లి తండ్రి ఊరు. అతని యిల్లు అక్కడనే యుండెను (1 సమూయేలు 7:17). దేవునికి అప్పగించిన బిడ్డ పోగొట్టుకొన్న బిడ్డ కాదు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా యిండ్లనుండి మొదటిసారిగా చదువునకు బయలుదేరు బిడ్డలను నీ చేతికప్పగించుచున్నాము. మేము చూడలేని చోట నీవు చూడుము. మేము పిలిచినను వినబడని రాత్రి నీవే వారిని పేరు పెట్టి పిలువుము. మా ప్రేమను ఏటేట వారి కొలతకు తగినట్లు పెంచుము. తప్పినవారికి తిరిగి వచ్చు త్రోవ చూపుము, మా తలుపులు మూయబడకుండ మా హృదయములను మెత్తపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.